చిల్లులు పడని చొక్కా

భర్త బూట్లు విప్పుకుంటున్నాడు. భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"ఈమధ్య మీ డ్యూటీ చొక్కాలకి కొత్త చిల్లులు పడటం లేదే?"

"జాగ్రత్తగా ఉంటున్నాలే."

"ఇన్నేళ్లూ లేని జాగ్రత్త ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది? యాసిడ్ చుక్క పడ్డప్పుడు మీకు తెలీదు. ఉతికాక, చిల్లు పడి నాకు తెలుస్తుంది. ఫ్యాక్టరీ మూసేశారా?"

"ఫర్నేసు ఆర్పేశారు. వాడేసిన యాసిడ్‌ని కాల్చి మళ్లీ మంచిది చేసేకన్నా, కొత్తది కొనుక్కోవడమే చవకట."

"మరి రోజూ క్యారేజీ పట్టుకుని ఎక్కడికెళ్తున్నారు?"

"బస్టాండుకి. బెంచీ మీద కూర్చుంటున్నా. నీకెలా చెప్పాలో తోచక."

"సర్లెండి. రేపు పని అడగడానికి వెళ్లేటప్పుడు ఆ నీలం చొక్కా వేసుకోండి. ఇస్త్రీ చేసి మేకుకి తగిలించా."

"ఎప్పుడు చేశావ్?"

"పోయినవారమే. మీ అంతట మీరే చెబుతారని చూస్తున్నా."