గాలి లేని రోజు

ఆగాగు అమ్మాయ్, ఆ గ్రిల్లు మూత అలా లాగెయ్యకు! ముందా చీపురు పక్కన పెట్టు. నిన్న కాల్చుకు తిన్నాం, పొద్దున్నే బూడిద ఎత్తేస్తే ఓ పనైపోతుంది అనుకున్నావు, అంతేగా? ఎత్తేస్తే పోతుంది, ఎందుకు పోదు. నీ జుట్టులోకి పోతుంది, ఆ తీగ మీద ఆరేసిన దుప్పట్లలోకి పోతుంది, ఇదిగో నా కాఫీలోకీ పోతుంది. అలా నవ్వకు, నవ్వినా ఎగురుతుందిట. నేనన్నది కాదమ్మా, మా బావ అనేవాడు. ఏ బావేంటి, మా అక్క మొగుడు, మీ ఆయనకి మావయ్య. నువ్వు ఎరగవులే, మీ ఆయన ఇంకా నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లోనే పోయాడు పాపం. పాత సామాన్ల గదిలోంచి ఈ గ్రిల్లు ఈడ్చుకొచ్చావు గానీ, ఇదెవరిదని ఒక్కమాట అడిగావా? ఆయనదే. ఆ స్టూలు లాక్కుని కూర్చో, చెప్తాను. బూడిదేం పారిపోదు.

బావ బీమా కంపెనీలో సర్వేయరు. అంటే ఏంటంటే, ఎక్కడైనా కొట్టో గోడౌనో తగలబడిందనుకో, ఈయన వెళ్ళి ఎక్కడ అంటుకుంది, ఎందుకు అంటుకుంది అని తేల్చాలి. రోజల్లా ఎవరిదో బూడిద కర్రతో కెలకడం, సాయంత్రం ఇంటికి రావడం. గుమ్మం బయటే బూట్లు దులుపుకునేవాడు, సాక్సులు దులుపుకునేవాడు, ఆఖరికి మీసం కూడా దులుపుకునేవాడు. ఇంట్లో ఆయన నోట్లోంచి వచ్చే మాటలు రెండే రెండు. ఒకటి 'చూద్దాం', రెండోది 'జాగ్రత్త'. సినిమాకి వెళ్దామండీ అంటే చూద్దాం. నేను అన్నం తింటుంటే, చేప ముల్లు, జాగ్రత్త. అలాంటి మనిషి బొగ్గుల గ్రిల్లు కొంటాడా? కొన్లేదు. ఆఫీసులో ఓ మేనేజరు బదిలీ అయిపోతూ, లారీలో చోటు లేక, ఈయన మొహమాటం కనిపెట్టి అంటగట్టి పోయాడు.

సరే, వచ్చిందిగా, ఓ ఆదివారం వెనక వరండాలో పెట్టి వెలిగించాడు. ఎదురింటి దర్జీ కుటుంబం, నేను, మీ అత్తగారు, అందరం వెళ్ళాం. అప్పటికి మాకు పెళ్ళై ఎంతో కాలం కాలేదు. ఏం చెప్పమంటావు, ఆ రోజు బావ ఎవరో మాకే తెలీలేదు! చొక్కా చేతులు మడిచాడు. చికెను ముక్కలు తిరగేస్తూ, ఎవడో పీనాసి తన కొట్టు తనే తగలబెట్టుకుని అందులో మర్చిపోయిన పళ్ళసెట్టు కోసం ఏడ్చిన కథ, వాడి గొంతుతో సహా చెప్పాడు. దర్జీ పొట్ట పట్టుకుని కింద కూర్చున్నాడు. అన్నిటికన్నా వింత ఏంటంటే, మొక్కజొన్న పొత్తు ఒలిచి, నోరు కాలుతుందేమోనని ఊది ఊది, మా అక్క నోట్లో పెట్టాడు. మా అందరి ముందూ! అక్క మొహం చూడాలి నువ్వు. వంటింట్లోకి వెళ్ళి నన్ను పిలిచి, "ఒరే, ఎవర్రా ఈయన? మా ఇంట్లో ఎప్పుడూ చూళ్ళేదు" అంది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. మళ్ళీ వరండాలోకొచ్చి, "వచ్చే ఆదివారం కూడా పెడదామండీ" అంది. "చూద్దాం" అన్నాడు బావ.

అదమ్మా సంగతి. మళ్ళీ వెలిగించాలంటే పాత బూడిద తియ్యాలిగా. మర్నాడు అక్క నీలాగే చీపురుతో బయల్దేరింది. "జాగ్రత్త!" అని లోపల్నించి ఒక్క కేక. పైకి చల్లగా ఉంటుంది, నివురు కింద నిప్పు కణిక ఉంటుంది, ఒక్క కణిక చాలు, నేను చూసిన బట్టల కొట్టు మొత్తం ఒక్క కణికే తినేసింది అని మూతేశాడు. గాలి పోకుండా కింద కన్నాలు కూడా మూశాడు. అది న్యాయమే, నేను కాదన్ను. పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు. ఆరింది. అప్పుడు గాలి మొదలైంది. గాలంటే గాలి కాదమ్మా, గాలి గురించి ఆయన ఆలోచన మొదలైంది. వరండాలో ఓ దారప్పోగు వేలాడదీశాడు. దారం కదిలితే ఇవాళ కాదు. కదలని రోజు వచ్చింది. ఆ రోజు ఉక్క, చేతులకి చెమట, బూడిద అంటుకుంటుంది, ఇవాళ కాదు. చల్లబడింది, ముసురు పట్టింది. తడి బూడిద మరక పడితే గచ్చు వదల్దు, కాబట్టి ఇవాళ కూడా కాదు. అక్క ప్రతి ఆదివారం పొద్దున్నే ముక్కలకి మసాలా పట్టించి పెట్టడం, ఆయన దారం చూసి తల అడ్డంగా ఊపడం, ఆ ముక్కలు మధ్యాహ్నానికి కూరైపోవడం.

ఇహ సరంజామా! చిన్న ఇనప పార, మెత్తటి బ్రష్షు, మూతున్న రేకు డబ్బా, పరవడానికి తడి కాగితాలు, ముక్కుకి గుడ్డ, ఈత కొట్టేవాళ్ళ కళ్ళజోడు, ఓ రెయిన్‌కోటు. యుద్ధానికి వెళ్ళేవాడికి కూడా అన్ని ఉండవు. అన్నీ ఉన్నాక ఒకటి తక్కువైంది, అనుభవం. అందుకని బావ రిహార్సలు పెట్టాడు. దేంతో పెట్టాడంటావు? గోధుమపిండితో! పెద్ద మూకుడు నిండా పిండి పోసి, వంటింటి కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, నన్నూ అక్కనీ గోడకి ఆనుకుని నిలబడమన్నాడు. "ఊపిరి మెల్లగా" అన్నాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఆ ఊపిరి ఎక్కడికి పోతుంది? పైకొచ్చి కళ్ళజోడుకి ఆవిరి పట్టింది. మనిషికి ఏమీ కనపడదు. కనపడకపోయినా పార దించాడు. అది మూకుడు అంచుకి తగిలింది, మూకుడు బోర్లా పడింది, ఇంకేముంది, పోపుల డబ్బా దగ్గర్నించి అక్క కనుబొమ్మల దాకా అంతా తెలుపే. అక్క నోరు తెరిచింది, తిట్టడానికే అనుకుంటా, పిండి లోపలికి పోయి తిట్టు రాలేదు. బావ మాత్రం కళ్ళజోడు తీసి, చుట్టూ చూసి, నెమ్మదిగా ఏమన్నాడో తెలుసా? "చూశావుటోయ్? ఇదే బూడిదైతేనా!" అన్నాడు. చూడు, తప్పు తనదని లేదు. తన భయమే నిజమైందని సంతోషం!

ఎదురింటి దర్జీ ఓసారి, "సార్, పక్కకి జరగండి, చిటికెలో ఎత్తేస్తా" అని వచ్చాడు. బావ ససేమిరా అన్నాడు. ఆయన ఆఫీసుకి వెళ్ళినప్పుడు అక్క తనే ఎత్తబోయింది. ఆ రోజే ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చాడు, కర్మ. చేతిలో పార మెల్లగా తీసుకుని, "నువ్వు నవ్వుతావే, నవ్వితే ఊపిరి తగిలి ఎగురుతుంది" అన్నాడట. అక్క నాతో అంది, "ఒరే, ఆ మనిషి ఇంకోసారి ఊది నా నోట్లో పెడతాడేమోనని చూస్తున్నాన్రా. ఈ ఊపిరికే భయపడుతుంటే ఇంకెక్కడ ఊదుతాడు." తర్వాత్తర్వాత మసాలా కలపడం మానేసింది. అడగడమూ మానేసింది. అడగడం మానేశాక ఆయన కొంచెం తేలిగ్గా కనపడేవాడు, అదే నాకు ఒళ్ళు మండేది. కోపం వస్తుంది కాదూ? మంచివాడేనమ్మా. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేవాళ్ళం.

ఓ మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. వచ్చినవాళ్ళు అందరూ వెళ్ళిపోయాక, ఓ రోజు అక్క తిన్నగా వరండాలోకెళ్ళి మూత తీసింది. రెయిన్‌కోటు లేదు, గుడ్డ లేదు. నేను పక్కనే ఉన్నాను. పైనున్న ఇనప జాలీ తీసి గోడకి ఆనించి, పార అంచు దూర్చింది. ఏమైందంటావు? అన్ని వానాకాలాల తడి పీల్చి, ఎండలకి ఆరి, మళ్ళీ పీల్చి, ఆ బూడిదంతా గడ్డకట్టుకుపోయింది. రొట్టె లేచినట్టు మొత్తం ఒక్క చెక్కగా లేచింది. ఒక్క రేణువు రాల్లేదమ్మా! గచ్చు అద్దంలా ఉంది. బావ ఉండుంటే గర్వంతో పొంగిపోయేవాడు. అక్క ఆ చెక్కని పార మీద పెట్టుకుని అటూ ఇటూ చూసింది. "ఇంతేనా?" అంది. నావైపు తిరిగి మళ్ళీ, "ఇంతేనట్రా?" అంది. అని దాన్ని చేత్తో తీసి, ఎత్తి, ధబీమని గచ్చు మీద పడేసింది. పగిలి, బూడిద అంతెత్తు లేచింది. దండెం మీద బట్టలు, నా చొక్కా, అక్క జుట్టు, అన్నీ. ఆ మధ్యలో నిలబడి నవ్వింది చూడు, ఆపితే ఆగదు. అప్పటిదాకా ఏడవలేదు మనిషి. నవ్వుతూ నవ్వుతూ అప్పుడు ఏడ్చింది.

ఎవరూడ్చారంటావా? ఇంకెవరు, అక్కే. ఊడ్చి, గ్రిల్లు కడిగి, నా చేతిలో పెట్టి, "ఇది పట్టుకుపోరా. మూల పడెయ్యకు. నలుగుర్నీ పిలిచి వెలిగిస్తూ ఉండు. మీ ఆవిడకి ఓ ముక్క నోట్లో పెట్టు" అంది. అదీ ఈ గ్రిల్లు కథ. ఏంటీ? ఎవరు, నేనా? ఎన్నిసార్లు వెలిగించానా? అంటే... ఉద్యోగం, పిల్లలు, అప్పట్లో మనకి ఈ వరండా కూడా లేదు, ఇంత మంచి చోటు... మీ అత్తగారిని అడక్కు, ఆవిడకేం గుర్తుండదు. అడక్కన్నానా? అదిగో, ఆ దుప్పటి కదుల్తోంది చూడు. గాలి లేచింది. ఇవాళ వద్దులేమ్మా, మూత పెట్టెయ్. ఈ కాఫీ చల్లారిపోయింది, కాస్త వేడి చేసి పట్రా.