ఫ్లాపీకి పెట్టిన బొట్టు

అది 1999లో విజయదశమి మధ్యాహ్నం. మెల్‌బోర్న్‌లోని ఒక యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో, ఇరవై రెండేళ్లుగా చాక్‌పీసుతో లెక్కలు చెప్పిన లెక్చరర్ తనకు కంప్యూటర్ నేర్పుతున్న వరంగల్ అమ్మాయి పక్కన బిగుసుకుపోయి కూర్చున్నాడు.

“సార్, డ్రైవ్ గరగరమంటున్నది. ఫ్లాపీ ఓపెన్ అయితలేదు.”

“ఇంకోసారి చూడమ్మా. ఐదింటికల్లా పాఠాలన్నీ వెబ్‌సైట్‌లో పెట్టకపోతే వచ్చే ఏడాది నాకు ఉద్యోగం ఉండదు. డిపార్ట్‌మెంట్ హెడ్ నా మొహం మీదే చెప్పేశాడు.”

“ఎన్ని పాఠాలున్నయ్ సార్ దీంట్ల?”

“ముప్పై ఆరు. నాలుగు నెలలు ఈ ల్యాబ్‌లోనే కూర్చుని ఒంటి వేలితో కొట్టాను.”

ఆమె ఫ్లాపీని బయటికి తీసి, దాని రేకు పక్కకి జరిపింది.

“లోపల ఈ పసుపేంది సార్?”

ఆయన తల దించుకున్నాడు.

“పొద్దున ఆయుధపూజ చేశానమ్మా. ఇన్నేళ్లూ చాక్‌పీసుల డబ్బాకి పెట్టేవాణ్ణి. ఇప్పుడు నా ఆయుధం ఇదే కదా అని, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను.”

“అయ్యో సార్! ఇగ ఇది పనిచెయ్యదు.”

“తుడిస్తే?”

“తుడిస్తే ఉన్నది గూడ పోతది.”

“అలా అనకమ్మా. ఇంకా గంటన్నర టైముంది. ఏదో ఒకటి చెయ్యి, నీకు పుణ్యముంటుంది.”

“పరేషాన్ గాకుండ్రి. ఎప్పుడైనా రెండు కాపీలు పెట్టుకోవాలని మొదటి రోజే చెప్పిన గద. రెండోది తెచ్చిండ్రా?”

“తెచ్చాను. నువ్వు చెప్పింది ఒక్కటీ మర్చిపోలేదమ్మా.”

ఆయన జేబులోంచి రెండో ఫ్లాపీ తీశాడు. దానికి పెట్టిన బొట్టు మొదటిదానికంటే పెద్దది.