గొక్కోను చూసినవారి ముద్ర

జపాన్‌లో హొక్కైడో దీవి తూర్పు కొస, మార్చి నెల, పొద్దున తొమ్మిది. పడవల పాకలో పొయ్యికి ఇటు తొకుజో తాత, అటు సముద్రజీవుల సర్వే కాగితాలతో మిచిరు. బయట రేవులో ఆరుగురు డైవర్లు సూట్లు తొడుక్కుంటున్నారు.

“నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్. ఈ తీరంలో నేను మునగని చోటంటూ లేదమ్మాయ్. మీరు వీపున సీసాలు కట్టుకుని ముప్పావుగంట ఉండి, వణుక్కుంటూ పైకొస్తారు. నేను ఒక్క ఊపిరితో దిగి, అడుగున రాతిమీద కూర్చుని, సిగరెట్టు తీసి...”

“నీళ్ళలో సిగరెట్టా, తాతా?”

“వెలిగించలేదులే. ఊరికే నోట్లో పెట్టుకున్నా.”

“తాతా, నాకు పది నిమిషాలే ఉంది. మధ్యాహ్నానికి గాలి తిరుగుతుందట. ఈ ఏటికి ఇదే ఆఖరి మునక. మామూలు చోట దిగాలా, లోపలి ఒంపులో దిగాలా, తేల్చుకు రమ్మని మా జట్టు నాయకుడు ఒనోదెరా గారు నన్ను పంపారు.”

“పాపం, ముప్పయ్యేళ్ళు బస్సు నడిపినవాడు. ఏ మలుపు తిరగాలో ఇప్పటికీ ఇంకొకరు చెప్పాలి.”

“లోపలి ఒంపులో మగ గొక్కో చేప గుడ్లు కాస్తోందని మొన్న చెప్పావు. నువ్వు చూశావా?”

“టీ తాగు, చల్లారిపోతుంది.”

“చూశావా?”

“చూడకుండా చెబుతానా?”

“పోయినేడు చెప్పావు. రబ్బరు బూటులో కాపరం పెట్టిన ఆక్టోపస్ అన్నావు. రెండు మునకలు దానికే పోయాయి.”

“బూటు దొరికింది కదా.”

“దొరికింది. లోపల నీ పేరుంది.”

“మరి? ఆక్టోపస్ ఇల్లు మారిపోతే నాదా తప్పు? ఒనోదెరా ఎంత మర్యాదస్థుడనుకున్నావ్. పెదాలు నీలంగా, ముక్కు ఎర్రగా పైకొచ్చి, రెండు చేతులా ఆ బూటు నాకందించి, తొకుజో గారూ, మీ వస్తువు క్షేమంగా ఉంది అన్నాడు. వంగి దణ్ణం కూడా పెట్టాడు. ఆ తరవాత వారం రోజులు నాతో మాట్లాడలేదనుకో.”

“అందుకే ఈసారి సంతకం బదులు మీ ఇంటిపేరు ముద్ర అడుగుతున్నారు. ఇదిగో, ఈ గడి. చూసినవారి ముద్ర. మేం చూసింది చూశామని రాస్తాం, చూడంది చూడలేదని రాస్తాం. ఎవరో చెప్పారని రాసే గడి మా కాగితంలో లేదు. నువ్వు ముద్ర వేస్తే లోపలి ఒంపుకి వెళ్తాం. వెయ్యకపోతే మామూలు చోటికే.”

“ముద్ర నా దగ్గరెక్కడిదీ. ఇంటి ముద్ర మా ఆవిడ వంటకోటు జేబులో ఉంటుంది. అది కావాలంటే ముందు ఆవిణ్ణి అడగాలి, ఎందుకంటుంది, చెప్పాలి, చెప్తే రాత్రికి నాకు చారు ఉండదు.”

“సాయంత్రం మీటింగు సంగతి గుర్తుందా?”

“ఎందుకు లేదు. అయిదింటికి. సహకార సంఘంలో.”

“లోపలి ఒంపులో అలలకి అడ్డంగా కాంక్రీటు దిమ్మెలు దింపాలా వద్దా అని చేతులెత్తుతారు. అక్కడ గుడ్లున్నట్టు ఒక్క ఫొటో చూపిస్తే ఏడాదిపాటు ఆపుతామని సంఘం పెద్ద మాటిచ్చాడు. ఫొటో లేకపోతే దిమ్మెలే. రేపు లారీలు. గొక్కో గుడ్ల మీద రెండేసి టన్నులు.”

“నీకెందుకమ్మా అంత బాధ? మీ ఊరు కుషిరో. మా చేప మీద కాంక్రీటు పడితే నీకు నడుం నొప్పా?”

“నాలుగేళ్ళయింది, తాతా. ఏటా సెలవంతా ఇక్కడే. మొదటి ఏడు పైకి రాగానే వేళ్ళు పని చెయ్యక పెన్సిల్ నోటితో పట్టుకున్నా. ఈ జాబితాలో లోపలి ఒంపుకి ఒక్క పేజీ కూడా లేదు, గాలి వల్ల ఎప్పుడూ దిగలేకపోయాం. ఇవాళ దిగొచ్చు. దిగి ఏమీ లేకపోతే, మామూలు చోట ఈ ఏటి లెక్క కూడా పోతుంది. ఇన్నేళ్ళ వరస తెగిపోతుంది. రెండిట్లో ఏది పోగొట్టాలో నేను చెప్పాలి. అందుకని నాకు కథ వద్దు.”

“మీ జట్టు మొట్టమొదట వచ్చినప్పుడు నువ్వింకా అందులో చేరలేదు. మా ఆవిడ కిను చేసిన హంగామా చూసుండాల్సింది. బుడగల మనుషులొచ్చారు, మన ముళ్ళగుల్లలు దొంగతనంగా ఏరుకుపోతారు అని ఊరంతా చాటింది. రేవులో చీపురు పట్టుకు నిలబడి, ఒక్కొక్కరి సంచీ విప్పించింది. ఏం దొరికాయి? పెన్సిళ్ళు. ఒక కొలత టేపు. దాంతో ఇంకా అనుమానం పెరిగింది. జీతం లేదు, చేప లేదు, మంచు గడ్డల మధ్య దూకి రాసుకుంటారట, వీళ్ళకి ఇళ్ళల్లో ఎవరూ లేరా అంది.”

“ఇప్పటికీ నేను నమస్కారం పెడితే గోడకేసి చూస్తుంది.”

“ఆ గోడకి అదృష్టం. నాకేసి అలా చూసి ఎన్నాళ్ళయిందో.”

“దిమ్మెలు కావాలన్నదీ మామ్మగారే కదా. నలభై ఇళ్ళు తిరిగి అర్జీ మీద ముద్రలు వేయించిందటగా.”

“నలభై మూడు. ఆరేళ్ళుగా అడుగుతోంది. తప్పు లేదమ్మా. కొంబు నాచు ఆరబెట్టే గులకరాళ్ళ నేల ఉంది చూశావూ, ఏటా ఇంత మేర సముద్రం మింగేస్తోంది. వాళ్ళమ్మ పరిచిన రాళ్ళవి. ఒక్కొక్కటీ వీపున మోసుకొచ్చి పరిచిందట. పోయిన ఆగస్టులో ఒక పెద్ద అల వచ్చి, ఆరేసిన కొంబు ఆరేసినట్టే పట్టుకుపోయింది. కిను తిట్టిన తిట్లకి మంచుగడ్డ మీద సీల్ పిల్లలు చెవులు మూసుకున్నాయి.”

“ఆగస్టులో మంచుగడ్డలా, తాతా?”

“సరే, రాళ్ళమీద. సీళ్ళ సంగతి వదిలెయ్.”

“మరి దిమ్మెలు వద్దనేలా గొక్కో ఉందని నువ్వంటే, మామ్మగారు ఊరుకుంటుందా?”

“అందుకేగా పొద్దుణ్ణించీ ఇక్కడే టీ తాగుతున్నాను.”

“ఎంత ఉంది చేప?”

“అన్నం కుండంత.”

“తాతా.”

“మగది కదా, బిడ్డల్ని కాస్తోంది. గర్వంతో ఉబ్బిందేమో.”

“తాతా, ఇంకా నాలుగు నిమిషాలే ఉంది.”

“సరే, జానెడు. కాస్త ఎక్కువ. నల్లగా, బుడ్డగా, నడినెత్తి మీద ఎవరో మొట్టినట్టు ఉంటుంది మొహం. ఒనోదెరాకి అన్నదమ్ముడనుకో.”

“ఎక్కడ?”

“పెద్ద రాయి ఉందా, తాబేలు వీపులా? దాని ఒడ్డువైపు పక్క, మీ కొలతలో రెండున్నర మీటర్ల లోతు. బీటలో ఉంది. పొట్ట కింద గిన్నెలాంటి పట్టుతో రాతికి అంటుకుపోయింది. గెడతో తోసినా కదలదు. ఎడమ రెక్క కొసన చినిగుంది. తిండి మానేసి పొట్ట లోపలికి పోయింది. గుడ్లు సగ్గుబియ్యమంత. కింది వరస తెల్లబడింది, అవి పోయినట్టే. మిగతావాటికి నాలుగు రోజులకింద కళ్ళొచ్చాయి. లోపల నల్లచుక్కలు జంటలు జంటలుగా. ఒక ముళ్ళగుల్ల పాకి వస్తే నోటితో నెట్టింది. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ నెట్టింది. పొద్దెక్కేదాకా అదే పని.”

“ఎడమ రెక్కా?”

“ఏమ్మా, రాసుకోవేం?”

“రాసుకున్నా. ఇది నీ మాట కాదు, తాతా.”

“నా నోట్లోంచే వచ్చింది కదా.”

“నీ కథల్లో ఎడమా కుడీ ఉండవు. రోజులూ ఉండవు. నువ్వు చెబితే ఆ చేప ఈపాటికి లేచి పాట పాడేది. ఏం, మునిగి చూశావా?”

“మునిగి... అంటే... నీకో సంగతి చెప్పనా? ఒనోదెరాకి చెప్పకు. నాకు ఈత రాదు.”

“మునగని చోటు లేదన్నావ్ కదా, ఇందాకేగా.”

“లేదు, నిజమే. పడవలోంచి పడిన ప్రతి చోటా మునిగాను. తేల్చింది వేరేవాళ్ళు. ఈ ఊళ్ళో మా వయసువాళ్ళెవరికీ ఈత రాదమ్మా. వస్తే చావు ఆలస్యమవుతుంది, అంతే అనేవాడు మా నాన్న.”

“మరెలా చూశావు?”

“అద్దపు పెట్టె. అదిగో, మేకుకి వేలాడుతోంది. పడవ అంచున బోర్లా పడుకుని, అడుగున అద్దమున్న ఆ పెట్టె నీళ్ళమీద పెట్టి, దాని పట్టుకర్రని పళ్ళతో కరిచి పట్టుకుంటాం. రెండు చేతులూ గెడకి కావాలి కదా. మా తాతలనాటి నించీ కొంబు కోత అలాగే.”

“నేను కుషిరోలో ఎక్కడ పని చేస్తాను, తాతా?”

“పళ్ళ డాక్టరు దగ్గర.”

“నీ పళ్ళెక్కడ?”

“...అలమరలో.”

“ఎప్పణ్ణించి?”

“అక్టోబరు. సాల్మన్ తలకాయ కొరికితే రెండు ముక్కలయ్యాయి. వసంతంలో అతికించుకుందామని. ఈలోగా చారుతో గడిచిపోతోంది.”

“పళ్ళు లేకుండా కర్ర ఎలా కరిచావు?”

“చిగుళ్ళతో. మా వంశంలో చిగుళ్ళు గట్టి.”

“పెట్టె ఇలా ఇవ్వు.”

“దుమ్మమ్మా, చేతులు మురికి...”

“దుమ్మెక్కడ, తాతా? ఇంకా తడే ఆరలేదు. ఇవి చూడు. గాట్లు కొత్తవి. చిన్న పళ్ళు, దగ్గర దగ్గరగా. కింద ముందువైపు ఒకటి లేదు.”

“ఎలుకలు.”

“ఎలుక నోరు ఇంత వెడల్పుండదు.”

“ఈ తీరంలో ఎలుకలు...”

“తాతా.”

“ఊఁ.”

“అక్కడ చేప లేకపోతే లేదని చెప్పు. కోప్పడను. మామూలు చోటికి పోతాం, సాయంత్రం దిమ్మెల మాట వస్తే తల వంచుకు కూర్చుంటాం. కానీ ఉంటే, చూసినవారెవరో నాకు తెలియాలి. నీ ముద్ర అబద్ధమని ఒకళ్ళు పట్టుకుంటే ఫొటో కూడా అబద్ధమంటారు.”

“ముద్ర నా దగ్గరే ఉంది.”

“ఇందాక లేదన్నావ్.”

“ఉంది. ఇదిగో. పొద్దున నేనడక్కుండానే నా కోటు జేబులో పడేసింది. పాకకి పోతున్నానంటే, ఇవాళ గాలి ఎప్పుడు తిరుగుతుందట అనడిగింది. మధ్యాహ్నం అన్నాను. అయితే వాళ్ళకి ఒక్క మునకే ఉంది, నువ్వు నసుగుతూ కూర్చోకు అంది.”

“ఎవరు? ఎవరన్నారు, తాతా?”

“నేనన్నాను, మీటింగులో ఇది నువ్వే చెప్పరాదా అని. నలభై మూడిళ్ళ గుమ్మాలెక్కి ముద్రలు వేయించుకున్న మనిషిని, ఇప్పుడు వద్దని ఏ మొహంతో చెప్పను అంది. నువ్వు చెప్పు, నీ మాట ఊళ్ళో ఎవరూ నమ్మరు, ఆ బుడగల పిల్ల ఒక్కతే పోయి చూస్తుంది అంది. అంటూ గోడకేసే చూస్తోంది. రాళ్ళు పోతాయి కదే అన్నాను. రాళ్ళు మా అమ్మ ఒకసారి మోసింది, నేనూ మోయగలను, ఆ వెధవ తిండి కూడా మానేసి కూర్చున్నాడు అంది.”

“తాతా, పడవ ఇంజను వేశారు. ఒక్కసారి సరిగ్గా చెప్పు. ఇందులో ఎంత నిజం, ఎంత నువ్వు కల్పించావు?”

“రాయి నిజం. రెక్క చినగడం నిజం. గుడ్లకి కళ్ళు రావడం నిజం. పదకొండు రోజులుగా ఎవరికీ చెప్పకుండా, అద్దపు పెట్టె పళ్ళతో పట్టుకుని పొద్దున్నే పోయి చూసిరావడమూ నిజం. ‘నేను చూశాను’ అన్నానే, అదొక్కటే కల్పించాను తల్లీ. ఆ గడిలో కిను అని రాసుకో.”