తమ్ముడి పక్క సీట్లో

“మనం గొప్పలు చెప్పుకునే రకం కాదు. ఆ రోజు నేను చేసిందల్లా ఒక చిన్న చక్రం తిప్పడమే,” అన్నాడు విమానాలకు పెట్రోలు పోసే పెద్దాయన, రన్‌వే కంచె పక్క టీ బడ్డీలో బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ.

“ఏం చక్రం, బాబాయ్?” కొత్తగా చేరిన డ్రైవరు అడిగాడు. పక్కనున్న గడ్డి కోసే మనిషి అతని మోకాలు గిల్లాడు. అతను గమనించలేదు.

“ట్రిమ్ చక్రం. రెండు సీట్ల మధ్య ఉంటుంది. దిగేటప్పుడు ముక్కు పైకి నిలవాలని దాన్ని వెనక్కి తిప్పుతారు. మళ్లీ ఎగిరే ముందు, పక్కన గీసిన గుర్తు దగ్గరికి తేవాలి. అంతకుముందు విమానం దింపినవాడు దాన్ని అలాగే వదిలేసి పోయాడు, మా తమ్ముడు చూసుకోకుండా పరుగు తీయించాడు. పక్క సీట్లో ఎవరు? నేను! నేల విడిచామో లేదో, ముక్కు నిట్టనిలువుగా లేచింది. స్టీరింగు పొగరుబోతు పొట్టేలులా వాడి గుండెల మీదికి వస్తోంది. ‘అన్నా, ఆగట్లేదే!’ అన్నాడు. నేనున్నాను కదరా అని చక్రం పట్టుకుంటే, అది కాస్తా ఊడి చేతికొచ్చింది!”

“అయ్యో!”

“ఆగవయ్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తలుపు తీసుకుని బయటికి పాకి, ముక్కు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నా బరువుకైనా దిగాలి కదా! పంకా సగం మీసం గొరిగేసింది. అయినా దిగదే! మబ్బులు దాటాం. నా చొక్కాకంటిన మబ్బు పిండితే కింద రెండూళ్లలో వాన.”

“గొడుగు తీసుకెళ్లాల్సింది బాబాయ్!” డ్రైవరు పడీ పడీ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

“ముక్కు అలా నిలువునా ఉంటే రెక్కలకి గాలి పట్టు దొరకదు. రాయిలా పడుతున్నాం. వాడేమో ‘అన్నా, ఇంటికెళ్దాం, ఇంటికెళ్దాం’ అంటున్నాడు. నేను విమానం కంటే ముందు దూకి, నేల మీద కాళ్లు తన్నిపెట్టి, ఇదిగో, ఇలా రెండు చేతులూ చాచి పట్టుకున్నాను. పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు దింపాను. వాడి చొక్కా నలగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తెలుసు బావగారూ,” అంది టీ వడగడుతున్న తమ్ముడి భార్య. “అందరికీ తెలుసు. ఆ రోజు మీరు ఈ బల్ల మీదే ఉన్నారు. నేనిచ్చిన టీ మీ చేతిలోనే ఉంది. ఆయన విమానం కూలిన చప్పుడుకి ఇద్దరం కలిసే కదా పరిగెత్తాం.”

డ్రైవరు నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కంచె అవతల చిన్న విమానమొకటి పరుగు మొదలుపెట్టింది. అందరూ దాని ముక్కు వైపే చూశారు.

పెద్దాయన చాచిన చేతులు ఇంకా దించలేదు.

“ఆ రోజు వాడి పక్క సీట్లో లేను కనకే కదమ్మా రోజూ ఎక్కుతున్నాను,” అన్నాడు. “ఒక్కనాడూ ఆ చక్రం గుర్తు దగ్గరికి రావట్లేదు.”