చెప్పులు ఒళ్లె వెట్టుకొని కూసున్న పిల్ల

"అమ్మమ్మా, గ్రూప్స్ నోటిఫికేషన్ పడ్డది. రేపట్నుంచి నేను రాను. సోనికి జర నువ్వే చెప్పవా?"

చెప్త గని, ఈ మెట్ల మీద కూసో బిడ్డ. ఒక ముచ్చట ఇని పో.

ఈ వరండల సాయంత్రం చదువులు మా ఆయన ఉండంగనే మొదలైనయి... కాదు కాదు, ఆయన పోయినంక. అశోక్‌నగర్ హాస్టళ్లల్ల గ్రూప్స్‌కు చదివేటోళ్లొచ్చి బస్తీ పిల్లలకు చెప్తుండిరి. ఒక్కొక్కరికి ఒక్క పిల్ల. నీకు సోని ఉన్నట్టే, శైలజకు మల్లిక. మూడో తరగతి. మల్లిక తల్లి పాలమూరామె, నారాయణగూడల బిల్డింగ్ పనికి పోతుండె. ఆడనే మా చిన్నాడబిడ్డ కిరాయికుండె, అప్పట్ల కిరాయిలెంత అగ్గువ... సరే, అది ఇడువు.

శైలజ గూడ నీ లెక్కనే. నోటిఫికేషన్ పడంగనే బంద్ చేసింది. నాకు ఫోన్ల చెప్పింది, పిల్లకు చెప్పలే. అక్కకు పరీక్షుంది, రాదు అని నేనే చెప్పిన. పిల్ల తలకాయ ఊపింది. ఏం సమజైందో ఏమో, మర్నాడు పొద్దుగూకంగ చూస్తే పిల్ల వరండల లేదు, ఇంట్ల గూడ లేదు.

తల్లి కాడికి పోయిందేమోనని నారాయణగూడ ఉరికిన. ఆమె సిమెంట్ చేతులతోని అట్లనే నిలవడ్డది. రాలే అని, చేతులు గూడ కడగకుంట నాతోని ఎల్లింది. అక్కను ఎతుక్కుంట పోయుంటదని ఇద్దరం అశోక్‌నగర్ దిక్కు చిక్కడపల్లి రోడ్డెంబడి వస్తుంటే, బస్సు బ్రేకేసిన చప్పుడైనప్పుడల్ల నా చెయ్యి గట్టిగ పట్టుకుంటుండె. ఆ రోడ్డు అంత చిన్న పిల్ల ఒక్కతే ఎట్ల దాటుతది, నువ్వే చెప్పు?

దాటింది. అశోక్‌నగర్ల శైలజ చదివే, పిల్లకు ఒకపారి చూపిచ్చిన స్టడీహాల్ మెట్ల కాడ చెప్పులు గుట్టలెక్క ఉంటయి చూడు. అందులకెళ్లి శైలజ చెప్పులు ఏరుకొని, ఒళ్లె వెట్టుకొని కూసున్నది. అవి లేకుంట అక్క యాడికి పోతదని.

తల్లి చెయ్యెత్తింది, నేను ఆపిన. అంతల శైలజ బయటికొచ్చింది. పిల్ల లేసి నిలవడి ఏడో ఎక్కం అందుకున్నది. తప్పు పోకుంట కడదాక చెప్పి, "ఇప్పుడొచ్చింది గదక్కా. ఇగ వస్తవా?" అన్నది.

ఎక్కం రాలేదనే అక్క అలిగిందనుకున్నదంట, పిచ్చిది. శైలజ ఆ మెట్ల మీదనే పిల్ల ముంగట కూసున్నది. "నీ తప్పు లేదు మల్లికా, పరీక్ష నాది" అని శైలజ నోటితోని చెప్పినంకనే చెప్పులు చేతికిచ్చింది.

నేను నిన్ను ఆపుతలేను బిడ్డ. మంచిగ రాయి, కొలువు కొట్టు, సల్లగుండు. గని సోని లోపట వరండల ఎక్కం వల్లె వేస్తుంది, ఇనవడుతుందా?

చెప్పులు ఈడ ఇడిసి, లోపటికి పో.