రక్తం రాని రోగం

ఇప్పుడు చూడు, ఎంత ముచ్చటగా కుడతాండావు డాక్టరప్పా. పెండ్లికూతురి రైకకు కూడా ఇంత సన్నగా ఎవరూ కుట్టరు. పోయిన నెల ఇదే మనిషిని ఇదే బల్ల మీద కూర్చోబెడితే తలకాయ కూడా ఎత్తకపోతివే. "గాయం యాడ?" అంటివి. బీకాంప్లెక్స్ మాత్రలు పది చేతిలో పోసి పొమ్మంటివి. గుర్తుకు రాలేదా? వచ్చిందిలే, చెవులు ఎర్రబడినాయి.

తిట్టడంలేదప్పా. నువ్వు కుట్టు. నా నోరు ఆడతాంటేనే మా సారు కదలకుండా కూర్చుంటాడు.

మా ఇంటాయన సాలోమోను సారంటే తొండూరు చుట్టుపక్కల తెలీనోళ్లు లేరు. ముప్పై ఏండ్లు మిషన్ బడిలో లెక్కలు చెప్పినాడు. ఈ పులివెందులలో తిరిగే చెవుల్లో సగం ఆయన మెలిపెట్టినవే. సరే, పావు అనుకో. అట్లాంటి మనిషిని పోయిన ఎలక్షన్లలో జమ్మలమడుగు అవతల ఊరికి డ్యూటీకి పంపినారు. ఓట్ల పెట్టె ఎత్తుకపోదామని వచ్చినోళ్లు బడి గుమ్మంలో బాంబులేసినారు. నూరు బాంబులు.

లే, నూరు కాదు, ఏడు. ఈ ఒక్కటి సరిగ్గా చెప్తాండా. ఆయప్ప బల్ల కింద దూరి ఒక్కొక్కటీ లెక్కపెట్టినాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. దేవుడు కాపాడినాడని నేనే చర్చిలో కానుక వేస్తి.

ఆ పొద్దునుంచి మంచం మీద పండుకోలేదప్పా. మంచం కింద. ఎవరన్నా తలుపు గట్టిగా వేస్తే ఒకటి అంటాడు. బిందె జారితే రెండు అంటాడు. ఏడు వచ్చేదాకా బయటికి రాడు. అన్నానికి పిలవాలంటే మిగిలిన చప్పుళ్లు నేనే చేసి ఏడు పూర్తిచేస్తా. మా ఇంట్లో సొట్ట పడని గిన్నె ఒకటి చూపిస్తే చెవి కోసుకుంటా.

ప్రొద్దుటూరులో మనసుకు చూసే ప్రైవేటు డాక్టరు ఉండాడంటే పోతిమి. మంచి మనిషే. ఇది జబ్బే, నయమయ్యే జబ్బు, మాత్రలు ఆపకుండా మింగితే తగ్గుతాదన్యాడు. నిజమేనప్పా. నెల మింగేసరికి మంచమెక్కి పండుకున్యాడు. రెండో నెల మాత్రలకు పాడిబర్రె పాయె. మూడో నెలకు అమ్మేదానికి ఇంట్లో నేనే మిగిలితి. నన్నెవరు కొంటారు? మాత్రలు ఆగినాయి, సారు మళ్లీ మంచం కిందికే పాయె.

సర్కారు పనిలో చెడిపోయిన మనిషి కదా, సర్కారే మాత్రలిస్తాదని ఆఫీసుకు పోతే, ఆడ వేదవ్యాస అనే గుమాస్తా ఫారం తీసి చూపించినాడు. "చెయ్యి ఉంది, కాలు ఉంది, కన్ను ఉంది. భయానికి ఇందులో గడి లేదమ్మా," అన్యాడు. ఆయప్ప కూడా బాధపడినాడులే. బాధపడి ఫారం మళ్లీ బీరువాలో పెట్టినాడు.

మన సీమలో నరికించుకున్నోడికి ఎంత మర్యాదప్పా. జీపొస్తాది, రక్తమిచ్చేదానికి ముప్పైమంది చొక్కాలు మడిచి నిలబడతారు, బిల్లు లీడరు కడతాడు. భయపడినోడికి గ్లాసుడు నీళ్లు ఇచ్చే దిక్కులేదు.

పొద్దున మా ఊరి లీడరు ఇంటికి పోయి, మా సారుకు కొడవలి దెబ్బ తగిలిందంటి. అంతే. జీపు విమానం మాదిరి వచ్చి వాలింది. ఎవరు నరికినారో నేను చెప్పనేలేదు. వాళ్లే అనుకున్యారు, వాళ్లే రాసుకున్యారు. నరికింది జమీరంట. బయట బెంచీ మీద కానిస్టేబుల్ కూర్చోనుండాడే, ఆ కాగితం ఆయన జేబులోనే ఉండాది. గాయం ఎట్లా తగిలిందో నువ్వు రాసేదానికోసమే చూస్తాండాడు.

జమీర్ ఎవరో తెలుసునా? ఎలక్షన్లలో అవతలి పార్టీకి ఏజెంటుగా కూర్చున్యాడు, అదొక్కటే ఆ పిల్లోడి తప్పు. మా ఎదురింట్లో బట్టలు కుడతాడు. మా సారుకు చప్పుడు పడదని మిషను వెనక గదిలోకి మార్చుకున్యాడు. నా గిన్నెలతో కాని పొద్దు వాడే వచ్చి మంచం పక్కన నేల మీద పండుకుని, చిన్నప్పుడు నేర్చుకున్న ఎక్కాలు అప్పజెప్తాడు. కావాలనే తప్పు చెప్తాడు. దిద్దేదానికి మా సారు బయటికొస్తాడు.

ఏమప్పా, సూది ఆపితివి? ఎట్లా తగిలిందో రాయాలా? అడుగుతావని తెలుసు.

నేను అన్నీ పెంచి చెప్తానని ఊరంతా అంటారు. ఇది పెంచడంలేదు. ఆ గాటు పెట్టింది నేనే. కసువు కోసే కొడవలి. వేడినీళ్లతో కడిగినా. నరం లేని చోటు వెతుక్కున్యా. చెయ్యి చాపు సారూ అంటే, పలక ఇస్తాననుకున్యాడో ఏమో, చాపినాడు. ఒకటి అని కూడా అనలేదు. కొడవలే అనుకున్న దానికన్నా లోతుకు దిగింది.

రాయి. సుందరమ్మ, భర్త సాలోమోను. జమీర్ పేరు మాత్రం ఎత్తొద్దు. కానిస్టేబుల్‌కు నేనే చెప్పుకుంటా, పట్టుకపోతే పోనీ.

కానీ గాయం మానిందని ఈయనను ఇంటికి తోలొద్దు. మనసు డాక్టరును ఈడికి పిలిపిస్తావో, పెద్దాసుపత్రికి రాసిస్తావో, ఆ మాత్రలు నీ మందుల కిటికీలోనే ఇప్పిస్తావో నీ ఇష్టం. ఈయనొక్కడే అనుకోవద్దు. ఊరికి పదిమంది మంచాల కింద ఉండారు. సరే, ఇద్దరు. వాళ్ల పెండ్లాలకు నా అంత తెగువ లేదు.

నీ చేతిలో లేదంటావా?

సరే, కుట్టు కానీయప్పా. ఈయనకు ఇంకో చెయ్యి ఉండాది.