సన్న తీగ

పెద్ద మోటారు బిగించాక పోటీ రోబో బరువు హద్దు దాటింది. తగ్గించడానికి తమ్ముడు లావు తీగ తీసి సన్నది వేశాడు. అది చూసిన అక్క చేతిలోని స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టింది.

“ఈ మోటారుకు ఈ తీగ ఆగుతుందిట్రా?”

“మూడు నిమిషాల పోరేగా అక్కా. కాస్త వేడెక్కుతుంది, అంతే.”

“చక్రం ఇరుక్కుపోతే?”

“తీగ కాలుతుంది. వెంటనే లోపలున్న స్విచ్ ఆపేస్తాం.”

“ఆపేస్తాం అంటే? లోపలికి చెయ్యి పెట్టేదెవరు?”

“ఎప్పుడూ నువ్వేగా. నీ చెయ్యయితే ఇట్టే దూరుతుంది.”

“ఈసారి నువ్వు పెట్టు.”

అతను తీగను వేళ్ల మధ్య నలిపాడు.

“పాత చిన్న మోటారు ఎక్కడ పెట్టావక్కా?”

“అరలో ఉంది. కాలేది నా చెయ్యి అనుకున్నంతసేపూ అది గుర్తుకు రాలేదు కదూ నీకు,” అంది అక్క.